201కి ముందున్న అంకెలు

1987 జూన్‌లో నన్ను విశాఖపట్నం బ్రాంచికి కస్టమర్ ఇంజినీరుగా వేశారు. మా కంపెనీ కంప్యూటర్లు అమ్మేది, వాటి మరమ్మతులూ చూసేది. కస్టమర్ ఇంజినీర్ అంటే వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ సర్వీసు విభాగంలో అదే అట్టడుగు మెట్టు. నా పైన ఇద్దరు సీనియర్ ఇంజినీర్లు, వాళ్ల పైన సర్వీస్ ఇన్‌ఛార్జి మూర్తి గారు. ఆడ ఇంజినీరును నేనొక్కదాన్నే. ఓడరేవు వైపు ఆఫీసుల నుంచి, బ్యాంకుల నుంచి పిలుపు వస్తే సీనియర్లు వెళ్లేవారు. ప్రింటర్ రిబ్బన్లు మార్చడం, ఫ్లాపీ డ్రైవులు తుడవడం నా వాటాకు వచ్చేవి.

ఆగస్టులో డాక్టర్ సామ్రాజ్యం గారి ఇంట్లో కంప్యూటర్ చెడిపోయింది. ఆవిడ పిల్లల డాక్టరు. పూర్ణా మార్కెట్ దగ్గర సొంత ఇంట్లోనే, ముందు గదుల్లో క్లినిక్ నడిపేవారు. ఓడల్లో ఇంజినీరుగా చేసే ఆవిడ తమ్ముడు సింగపూర్ నుంచి ఆ యంత్రాన్ని తెచ్చి ఇచ్చాడు. అప్పట్లో ఇంట్లో కంప్యూటర్ ఉండటమే వింత. అది మేము అమ్మింది కాదు, సర్వీస్ కాంట్రాక్టూ లేదు. మూర్తి గారి పిల్లలకు ఆవిడే వైద్యం చేస్తారు కాబట్టి శుక్రవారం ఆయనే స్వయంగా వెళ్లి చూసివచ్చారు.

ఈ రకం కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా తన భాగాలను తానే పరీక్షించుకుంటుంది. లోపం కనబడితే తెరమీద కొన్ని అంకెలు చూపించి ఆగిపోతుంది. ఈ యంత్రం చూపిస్తున్న వరుస చివర 201 ఉంది. 201 అంటే మెమరీలో లోపం. మదర్‌బోర్డు మార్చాలని, అది మద్రాసు నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందని మూర్తి గారు తేల్చారు. సోమవారం ఉదయం నన్ను పంపింది బోర్డు మోడల్ నంబరు రాసుకు రమ్మని మాత్రమే.

నేను వెళ్లేసరికి డాక్టరు గారు ఒక బిడ్డ గుండె చప్పుడు వింటున్నారు. పని అయ్యాక నన్ను లోపలి గదికి తీసుకెళ్లి, మూడు వారాలన్న మాట నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పారు. కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలు రెండు వందల మందికి పైగా ఆవిడ దగ్గర ఉన్నారు. ఎక్కువమంది జాలరిపేటల వాళ్లు, కొందరు భీమిలి నుంచి వచ్చేవాళ్లు. వాళ్లకు ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి. ఒక్కటి తప్పినా జ్వరం తిరగబెట్టి కవాటం ఇంకా పాడు కావచ్చు. ఏ రోజు ఎవరికి వేయాలో, ఎవరు రాలేదో ఆ కంప్యూటరే రోజూ జాబితా తీసి ఇస్తుంది. రాని వాళ్ల ఇళ్లకు కాంపౌండర్ సైకిల్ మీద వెళ్లి పిలుచుకొస్తాడు. చేతిరాత రిజిస్టరు ఏడాది కిందటే ఆపేశారు.

"మూడు వారాలంటే ప్రతి బిడ్డకూ ఒక ఇంజెక్షన్ తప్పే ప్రమాదం ఉంది," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నన్ను చూడలేదు. రిజిస్టరు ఆపేసినందుకు తన మీద తనకే కోపంగా ఉందని అర్థమైంది.

జాబితా అంతా హార్డ్ డిస్కులో ఉంది. దాన్ని ఊడదీసి మరో యంత్రానికి తగిలిస్తే చదువుతుందన్న నమ్మకం ఆ రోజుల్లో లేదు. ఉన్నదల్లా పోయే ప్రమాదం కూడా ఉంది. నేను యంత్రం ఆన్ చేశాను. తెరమీద 2000 04 201 అని వచ్చి ఆగింది.

రోజూ ఇదే వస్తోందా అని అడిగాను. ఆవిడకు తెలియదు. పొద్దున్నే మెషీన్ వేసేది కాంపౌండర్ అప్పలరాజేనన్నారు. ఆయన ముప్పయ్యేళ్లుగా ఆ క్లినిక్‌లోనే పనిచేస్తున్న మనిషి. పిలిస్తే తడిచేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రోజూ ఒకేలాగ రాదమ్మా. నాను రాసి ఉంచినాను కదా," అన్నాడు.

ఎక్కడ రాశారని అడిగాను. మందుల అలమర లోంచి ఒక నోటుబుక్కు తెచ్చాడు. పోయిన నెల నుంచి, కంప్యూటర్ ఆగిన ప్రతిరోజూ, తేదీ వేసి అంకెలన్నీ ఎక్కించాడు. మొదట్లో రెండుమూడుసార్లు ఆపి మళ్లీ వేస్తే నడిచేదట. గురువారం నుంచి అదీ లేదు.

"మొన్న వచ్చిన సారుకి చూపించలేదా?" అని డాక్టరు గారు అడిగారు.

"ఆయన అడగలేదండి. పెద్ద ఇంజినీరు గారు, నాను సెప్పడమేటని ఊరుకున్నాను."

నేను కుర్చీ లాక్కుని ఆ పేజీలు చదివాను. శిక్షణలో మాకు చెప్పిన సంగతి ఒకటుంది. 201 ఏం పాడైందో మాత్రమే చెబుతుంది, ఎక్కడ పాడైందో దానికి ముందున్న అంకెలు చెబుతాయి. బోర్డు మీద మెమరీ చిప్పులు నాలుగు వరుసలుంటాయి, వరుసకు తొమ్మిది. లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి మొదట 2 ఉంటే మూడో వరుస. మధ్యలోని రెండంకెలు ఆ వరుసలో ఏ చిప్పో చెబుతాయి; అది వరుస సంఖ్య కాదు, 01, 02, 04, 08, 10 అంటూ ఒక్కో చిప్పుకు ఒక్కో గుర్తు. అప్పలరాజు రాసినవాటిలో మొదటి అంకె ఎప్పుడూ 2. మధ్య అంకెలు మాత్రం ఒకరోజు 04, ఒకరోజు 20, మరోరోజు 80.

చిప్పు చచ్చిపోతే రోజూ అదే చిప్పు పేరు రావాలి. ఒకే వరుసలో రోజుకో చిప్పు పేరు వస్తోందంటే చెడింది చిప్పులు కాదు, అవి కూర్చున్న చోటు. బోర్డు మార్చనక్కర్లేదని నాకు అనిపించింది. అనిపించడమే తప్ప రుజువు లేదు.

మూర్తి గారికి ఫోన్ చేస్తే హార్బరు వైపు కాల్‌కి వెళ్లారన్నారు. డాక్టరు గారితో ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను పంపింది నంబరు రాసుకు రమ్మని, విప్పమని కాదు. విప్పితే బాగుపడవచ్చు, ఇంకా పాడూ కావచ్చు. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "విప్పు," అన్నారు.

మూత తీయగానే కారణం కనబడింది. వెనక ఒక ఖాళీ స్లాటు సందును మూసే రేకు లేదు. ఎదురుగా ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ. సముద్రపు ఉప్పుగాలి ఆ సందులోంచి వచ్చి మూడో వరుసకు తగులుతోంది. చిప్పుల కాళ్లు నల్లబడ్డాయి. రోజూ వేడెక్కి చల్లారడంతో కొన్ని చిప్పులు తమ సాకెట్లలోంచి కొద్దికొద్దిగా పైకి లేచాయి.

ఒక్కో చిప్పునూ ఊడదీసి, కాళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, సాకెట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, మళ్లీ నొక్కి కూర్చోబెట్టాలి. అప్పలరాజు నా సీసా వాసన చూసి, "ఇది మా స్పిరిట్టు లాగుందే," అన్నాడు. దగ్గర చుట్టమేనన్నాను.

ఆరో చిప్పు తీస్తుంటే దాని కాలొకటి విరిగి సాకెట్‌లోనే ఉండిపోయింది. తుప్పు లోపలిదాకా తినేసింది. నా దగ్గర వేరే చిప్పు లేదు, మా బ్రాంచి స్టోరులోనూ లేదు. మూర్తి గారి అనుమతి లేకుండా విప్పిన యంత్రం ముక్కలుగా నా ముందుంది.

"ఏమైంది?" అన్నారు డాక్టరు గారు. చెప్పాను. ఆవిడ గొంతు పెంచలేదు. "వైద్యం మధ్యలో అనుకోనివి నేనూ చూశాను. చెయ్యి తీసి, కాసేపు కూర్చుని ఆలోచించు."

కూర్చున్నాను. ఆ జాబితా తీసే ప్రోగ్రాం చిన్నది, డాక్టరు గారి తమ్ముడు రాసిచ్చినది. దానికి నాలుగు వరుసల మెమరీ అవసరం లేదు, మూడున్నా చాలు. విరిగిన కాలిని పట్టకారుతో లాగేసి, నాలుగో వరుసలోని మంచి చిప్పును ఆ ఖాళీలో పెట్టాను. మిగిలిన మూడింటినీ అలాగే రుద్ది కూర్చోబెట్టాను. బోర్డు మీద చిన్న స్విచ్‌లుంటాయి. ఎన్ని వరుసలున్నాయో కంప్యూటర్‌కు తెలిసేది వాటివల్లే. నాలుగు అని ఉన్నదాన్ని మూడుకు మార్చాను. స్లాటు సందుకు ఎక్స్‌రే ఫిల్ము ముక్క కత్తిరించి అడ్డం బిగించాను.

ఆన్ చేసే పని అప్పలరాజుకే ఇచ్చాను. మెమరీ లెక్క మూడు వరుసలకు రావాల్సిన 192 కిలోబైట్ల దాకా నడిచి పూర్తయింది. 201 రాలేదు. డిస్క్ దీపం వెలిగింది, ప్రోగ్రాం తెర వచ్చింది. ప్రింటరు గురువారం నుంచి సోమవారం దాకా పేర్లు కొట్టడం మొదలుపెట్టింది. కాగితం పూర్తిగా బయటికి రాకముందే అప్పలరాజు వంగి చదువుతున్నాడు.

"ముందు జాలరిపేట కెల్తానమ్మా. నలుగురున్నారక్కడ," అని సైకిల్ తాళం తీసుకున్నాడు. ఆ వారం తప్పిన పిల్లలందరికీ బుధవారంలోగా ఇంజెక్షన్లు పడ్డాయని తర్వాత తెలిసింది. నేను ఆ పూటే జాబితాను ఫ్లాపీల మీదికి రెండు నకళ్లు తీసి, ప్రతి శనివారం ఎలా తీయాలో అప్పలరాజుకు నేర్పాను.

సాయంత్రం మూర్తి గారికి జరిగినదంతా రాసిచ్చాను, విరిగిన కాలితో సహా. ఆయన రెండుసార్లు చదివి, అనుమతి లేకుండా విప్పినందుకు గట్టిగానే చీవాట్లు పెట్టారు. తర్వాత పెన్ను తీసి, మద్రాసుకు పంపాల్సిన ఆర్డరు కాగితం మీద అడ్డంగా గీత గీశారు. "నేను 201 చూసి ఆగిపోయాను సుగుణా," అన్నారు. తన కింద పనిచేసే మనిషితో ఆ మాట అనగలిగినందుకు ఆయన మీద నాకున్న గౌరవం పెరిగింది. మరుసటి వారం నుంచి హార్బరు కాల్స్‌కి నా పేరు కూడా వేశారు. మెట్లెక్కి పనిలోకి వెళ్లేటప్పుడు నా నడకలో తేడా వచ్చిందని తోటివాళ్లు నవ్వేవారు. ఆ తేడా నిజమే. నాకు గర్వంగానే ఉండేది, దాచుకోలేదు.

తర్వాత నేనే సర్వీస్ ఇన్‌ఛార్జినై, కొత్త ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చాను. స్క్రూడ్రైవర్ తీయకముందు తెరమీది సందేశాన్ని మొదటి అంకె నుంచి చివరి దాకా కాగితం మీద ఎక్కించమనేదాన్ని. ఆ తర్వాత, ఆ యంత్రాన్ని రోజూ ఆన్ చేసే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్లు చూసింది ముందుగా అడగమనేదాన్ని. యజమాని చెప్పేది ఆ తర్వాతే వినాలి. నా ఉద్యోగంలో సరిగ్గా తేల్చిన లోపాల్లో సగానికి పైగా మూత తీయకముందే తేలాయి.