కలపొద్దన్న పాకం

రెండు వేల పన్నెండు ఎండాకాలం. చిక్కడపల్లిలో మా వీధికి మధ్యాహ్నం రెండింటికల్లా కరెంటు పోయేది. ఆలోగా నా అల్లం బిస్కెట్లు ఓవెన్‌లోంచి బయటపడాలి. సాయంత్రం వాటిని హిమాయత్‌నగర్‌లో ఒక బేకరీ ఆయనకు రుచి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు తిరిగి తిరిగి విసిగిపోయిన నాకు, ఆ ఉద్యోగం మీద పిచ్చి ఆశ ఉండేది. నాన్న సరేనన్నారు. అమ్మ అవుననలేదు, కాదనలేదు.

ఆ బిస్కెట్లకు గోల్డెన్ సిరప్ కావాలి. తేనెలా జారే చక్కెర పాకం అది. ఏ దుకాణంలోనూ దొరక్క ఇంట్లోనే మొదలుపెట్టాను. గుప్పెడు చక్కెర ఎర్రగా కరిగించి, మరిగే నీళ్లు పోసి, మిగతా చక్కెర, నిమ్మచెక్క వేసి సన్నని మంట మీద వదిలేయాలి. మధ్యలో గరిటె పెట్టామా, చక్కెర మళ్ళీ పలుకులు కట్టేస్తుంది.

"అమ్మా, శొంఠి పొడి అయిపోయింది, తెస్త. పొయ్యి మీది పాకం అస్సలు కలపకు," అని చెప్పి కిందికి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి గిన్నెలో గరిటె ఉంది. పాకమంతా ఇసుకలా గడ్డకట్టింది.

"ఏందమ్మా ఇది! కలపొద్దన్న కదా!"

"అడుగంటుతదేమోనని," అంది, నా వైపు చూడకుండా.

ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనను? అరిసెల పాకానికి చెయ్యి ఆపొద్దని నాకు నేర్పిందే ఆమె. అలవాటు, ఆ చెయ్యి ఊరుకోదు అని సర్దిచెప్పుకున్నాను. డబ్బా అడుగు దులిపి, ఉన్న చక్కెరతో రెండోసారి పెట్టాను. ఈసారి పొయ్యి ముందు నుంచి కదల్లేదు. అమ్మ రెండుసార్లు "జర చూస్త" అంటూ వచ్చింది. రెండుసార్లూ "నువ్వు ముట్టకు" అని కసిరాను. నిమిషానికోసారి గడియారం చూశాను. చివరి ట్రే తీసిన కాసేపటికే కరెంటు పోయింది.

సాయంత్రం చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"అలవాటు కొద్దీ కలిపినవ్. పోనీ తియ్."

"అలవాటు గాదు. నువ్వు చెప్పింది ఇన్న. ఇన్నంకనే కలిపిన."

రెండో చెప్పు వదిలేసి ఆమె వైపు తిరిగాను.

"మీ నాన్న పొద్దుగాల పోతే రాత్రికొస్తడు. నువ్వు గూడ పోతే, పొద్దంతా నేను ఎవరితోని మాట్లాడాలె?"

హిమాయత్‌నగర్ ఎంత దూరమని, నడిచిపోయేంతే కదా అనబోయి ఊరుకున్నాను. ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"పోయొస్త," అన్నాను.

నేను వీధి చివరి దాకా వెళ్ళొస్తానన్నా "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పే అమ్మ, ఆ రోజు ఏమీ అనలేదు. ఆ మాట కోసం ఒక్క క్షణం ఆగాను. బిస్కెట్ల డబ్బా పట్టుకుని మెట్లు దిగాను.