ఏరు లేని సీనరీ

నిన్న పత్తికొండలో మా పాత బడి ముందు పెయింటు వాసన తగలగానే డ్రాయింగ్ పీరియడ్ గుర్తొచ్చింది. మీకూ గుర్తుండే ఉంటుంది. సీనరీ అంటే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన కొబ్బరి చెట్టు. సారు బోర్డు మీద వేస్తే, ఎండిన వంక తప్ప ఏరు చూడని మేమంతా నీలం క్రేయాను అరిగేదాకా రుద్దేవాళ్లం.

మా క్లాసు ఓబులేసు మాత్రం ఒకరోజు టమాటా రాశులు, తెల్లటి దుమ్ము చిమ్మే బోరు లారీ వేశాడు.

"సీనరీలో ఏరు యాడరా?" అన్నాడు సారు.

"మనూర్లో ఏరు యాడుండాది సార్?"

వాడికి సున్నా, పీరియడంతా గోడకుర్చీ. మాకేమో మంచి మార్కులు. మాలో ఒక్కరూ మళ్లీ బొమ్మ వేసిన పాపాన పోలేదు. వాడు ఊరూరా గోడలకు బొమ్మలు వేస్తూ హాయిగా బతుకుతున్నాడు. ఇప్పుడు బడివాళ్లే పిలిచి ఈ బడి గోడ అప్పగించారు.

గోడ నిండా అవే టమాటాలు, అదే బోరు లారీ. ఒక మూల మాత్రం కొబ్బరి చెట్టు, దాని కింద కుర్చీలో మా సారు.

"ఇదేందప్పా, కొబ్బరి చెట్టు ఇప్పుడేసినావే?" అన్నాను.

ఓబులేసు కుంచె తుడుచుకుంటూ నవ్వాడు. "ఎండ శానా ఉండాది కదప్పా, సారుకు నీడ కావల్ల."