పన్నెండడుగుల ట్రైలరు

బయట నిలబెట్టిన చిన్న బండిని కొలిచి వచ్చి, టేపక్క షెడ్డు నేల మీద మోకాళ్లూని సుద్దముక్కతో దాన్ని గీస్తోంది. నాలుగు చక్రాలు, ముందు బంపరు, రెండు పక్కలా తెరిచిన తలుపులు, అన్నీ అసలు సైజులో. ట్రైలరు చేయమని ఎవరొచ్చినా ఆమె మొదట చేసే పని ఇదే. గీయడం అయ్యాక వచ్చినవాళ్లను అందులో స్టూలు మీద కూర్చోబెట్టి, బండి దిగినట్టు దిగమంటుంది.

ఆ రోజు స్టూలు మీద కూర్చున్నది పశువుల డాక్టరు.

"నాతో నాటకం వేయిస్తున్నావా అక్కా?"

"దిగండి డాక్టరమ్మా. మీ కాలెక్కడ పడుతుందో నాకు తెలియాలి."

కాలు పడ్డచోట టేపక్క కొలిచింది. బండి వెడల్పు అయిదడుగుల రెండంగుళాలు. దిగడానికీ, పట్టీలు బిగించడానికీ చోటు కలుపుకుంటే ట్రైలరు ఆరడుగులుండాలి. బండి పొడవు తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు. పదడుగులు సరిపోతుందని తేల్చింది.

టేపక్క ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. ఇంటి గేటు విరిగితే, అతికేవాడు మూడు వారాలు తిప్పించుకున్నాడని విసుగెత్తి తనే ఓ పాత వెల్డింగ్ మిషను కొనుక్కొచ్చింది. ఆ గేటు నాలుగుసార్లు ఊడి అయిదోసారి నిలబడింది. మొదటి ట్రైలరు ఒకాయన పడవ కోసం, ఆయన కాగితం మీద రాసిచ్చిన కొలతలతో చేసింది. పడవైతే పట్టింది గానీ తాడు కట్టడానికి వేలు కూడా దూరలేదు. అప్పటినుంచి ఆమె కాగితాన్ని నమ్మదు, నడుముకు టేపు లేకుండా కనపడదు. ఆమె చేసిన వాటికి రంగులు వేసేది తమ్ముడు. వాడి బ్రష్షు ఆగినా నోరు ఆగదు.

డాక్టరుకు ట్రైలరు సోమవారానికల్లా కావాలి. కొండ మీది దారుల్లో కారు నడవదు. కొండ కిందిదాకా ఈ చిన్న బండిని ట్రైలరు మీద లాక్కెళ్లి, అక్కణ్ణుంచి దాన్ని నడుపుకుంటూ పైకి పోవాలి. పోయినసారి అద్దె ట్రైలరు రోడ్డు మీద అటూ ఇటూ ఊగిపోతుంటే భయపడి సగం దారిలోంచే వెనక్కొచ్చేసింది. ఈలోగా కొండ మీద రెండు మందల్లో జబ్బు మొదలైంది. ఈసారీ టీకా అందకపోతే మిగతా నాలుగు మందలకూ అంటుకుంటుంది.

శుక్రవారానికి ఫ్రేము నిలబడింది. చూసిపోదామని వచ్చిన డాక్టరును తమ్ముడు కబుర్లలో పెట్టాడు.

"కొండ మీద నీళ్లుంటాయా మేడం?"

"ఎక్కడివి బాబూ? రెండొందల లీటర్ల ట్యాంకు బండి వెనకాలే ఉంటుంది."

"మరి మందులు?"

"ఐసు పెట్టెలో. ఆ పెట్టె వెనక స్టాండు మీద బిగిస్తాను."

ఇనుము అరగదీస్తున్న గ్రైండరు ఆగింది. టేపక్క కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చింది.

"ఏ స్టాండు? కొలిచిన రోజు లేదే."

"నీ దగ్గరికి బురద బండి తేవడమెందుకని అన్నీ ఊడదీసి, కడిగించి తెచ్చాను."

"పెళ్లిచూపులకి ముస్తాబు చేసి తెచ్చారన్నమాట," అన్నాడు తమ్ముడు.

డాక్టరు నవ్వింది. టేపక్క నవ్వలేదు. డాక్టరుదేం తప్పు లేదు, అడగవలసింది తను. స్టాండు అడుగున్నర వెనక్కి పొడుచుకొస్తుంది. నీళ్ల బరువూ వెనకే. వెనక బరువెక్కితే ట్రైలరు ముక్కు తేలిపోతుంది, కారు కొక్కెం మీద గట్టిగా ఆనదు. ఊగుడు మొదలయ్యేది అక్కడే.

"పధ్నాలుగడుగులు చేసేద్దాం అక్కా. పెద్దదైతే ఏ గొడవా ఉండదు," తమ్ముడు తేల్చేశాడు.

"నాన్న చెప్పులేసుకుని పరిగెత్తు, చూస్తాను. అంత ఇనుమునీ కారు లాగాలి, కొండ కింది మలుపులు తిరగాలి. పన్నెండు చాలు."

"సోమవారానికవుతుందా అక్కా?" డాక్టరు గొంతులో నవ్వు పోయింది.

"రేపు సాయంత్రం బండి తెచ్చేయండి. ట్యాంకు నిండా నీళ్లు, పెట్టె నిండా ఐసు. కడగొద్దు."

ఆ సాయంత్రం ఇరుసు కోసి తీసింది. మర్నాడు ఫ్రేముకు రెండడుగులు అతికి, ఇరుసును వెనక్కి జరిపి బిగించింది. తమ్ముడు కబుర్లు కట్టిపెట్టి గంటసేపు ఇనుప కమ్మీ కదలకుండా పట్టుకున్నాడు. వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు.

శనివారం సాయంత్రం బురదతో సహా బండి వచ్చింది. దాన్ని ట్రైలరెక్కించి, పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చిన కాటా మీద ముక్కు ఆనించారు. అంతా కలిపి పదమూడు వందల కిలోలు. అందులో పదో వంతైనా ముక్కు మీద పడాలి. కాటా తొంభై అయిదు చూపించింది.

"ముందుకు రానివ్వండి. ఇంకా. ఇంకొంచెం. చాలు."

ఆరంగుళాలు జరిగేసరికి నూట ముప్పై ఎనిమిదైంది. ముందు చక్రాలు ఆగినచోటే అడ్డుకమ్మీ వెల్డింగ్ చేసింది.

ఆదివారం డాక్టరు కారు నడిపింది, టేపక్క పక్కన కూర్చుని అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. పెద్ద రోడ్డు మీద వేగం పెంచినా, పల్లంలో దిగినా, వెనక ట్రైలరు ఊగకుండా తిన్నగా వచ్చింది. షెడ్డుకు తిరిగొచ్చాక డాక్టరు చేతే మూడుసార్లు కొక్కెం విప్పించి, మళ్లీ తగిలింపజేసింది.

"చక్రాలు ఆ కమ్మీకి తగిలేదాకా ఎక్కించండి. ట్యాంకు ఖాళీ అయినా అక్కడే. కొక్కెం ఊడినా పట్టి ఉంచేవి గొలుసులే, మర్చిపోకండి."

"వెనకవైపు ఆనుకోకండి మేడం, రంగు ఆరలేదు," అన్నాడు తమ్ముడు.

"తెల్లారేసరికి కొండ కింద ఉంటాను," అంటూ డాక్టరు నాలుగోసారి తనే కొక్కెం తగిలించి, అది ఊడకుండా పిన్ను దూర్చి, గొలుసులు తగిలించింది. టేపక్క వంగి చూసి, లేచి, దారిచ్చింది.