నడకలు రాయనక్కర్లేదు

అప్పట్లో నేను ఇల్లిల్లూ తిరిగి ఒకే సంగతి అడిగేదాన్ని. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, దేంట్లో వెళ్ళారు. చెన్నైకీ చుట్టుపక్కల ఊళ్ళకూ కలిపి ఒక పెద్ద ప్రణాళిక తయారవుతోంది. ఇళ్ళు ఎక్కడ రావాలి, ఫ్యాక్టరీలు ఎక్కడ రావాలి, రైలు ఏ దారిన వెయ్యాలి అన్నది జనం రాకపోకలను బట్టి తేలుస్తారట. ఆ రాకపోకలు రాసుకొచ్చే పని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. నేను అందులో కాంట్రాక్టు మనిషిని.

పని నేర్పింది ఒక్క పూట. "దగ్గర దగ్గర నడకలు రాయనక్కర్లేదు. బండి ఎక్కితేనే ప్రయాణం" అన్నాడు మా సూపర్వైజరు. ఎవరూ ఎందుకని అడగలేదు. నేనూ అడగలేదు. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని చేశాడు. రిటైరయ్యేదాకా క్వార్టర్సు నుంచి గేటుకు రోజూ నడిచే వెళ్ళాడు. ఆ పూట అది నాకు తట్టనే లేదు.

చూలై దగ్గరి కాలువ గట్టు నా వంతుకొచ్చింది. వరసగా రేకుల ఇళ్ళు. ఒక ఇంటి ముందు నలభై దాటిన ఆవిడ బియ్యం ఏరుతోంది. నేను తమిళంలో మొదలుపెట్టాను. మధ్యలో మా అమ్మ ఫోన్ చేస్తే రెండు ముక్కలు తెలుగులో మాట్లాడాను.

"తెలుగోళ్ళా మీరు? ముందే చెప్పకూడదా పాపా!" అని లోపలికి పోయి స్టూలు తెచ్చి వేసింది.

"నిన్న యాడికి పోతిరక్కా?" అన్నాను.

"యాడికి పోతాను? ఈడనే. నాలుగిళ్ళలో గిన్నెలు తోమేది, మజ్జానం బైండింగ్ షాపులో కాయితాలు మడిచేది. పిల్ల స్కూలు ఆ మూలలోనే. అన్నిటికీ నడకే."

"బస్సు ఎక్కలేదా?"

"ఏంటికి? పోయిన దీపావళికి టి. నగర్ పోతిమి, చీర తీసేదానికి. అంతే దా."

రోజంతా ఆ నాలుగిళ్ళ మెట్లెక్కి దిగే మనిషి. ప్రయాణాల గడిలో సున్నా వేసి, పక్కింటికి వెళ్ళాను.

ఫారాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే పనికి కూడా నన్నే కూర్చోబెట్టారు. కొన్ని నెలలు అదే పని. తర్వాత ఆఫీసు గోడకు ఒక మ్యాపు తగిలించారు. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతమంది వెళ్తున్నారో గీతలు గీసి ఉంది. జనం ఎక్కువైన చోట గీత లావు. కాలువ గట్టు మీద ఒక్క గీత కూడా లేదు. తెల్లగా ఉంది. టీ తాగుతూ చూశాను. ఏదో అనిపించాలని తెలుసు. ఏమీ అనిపించలేదు.

మరో ఏడాదికి ఆ గట్టును ఖాళీ చేయించారు. వరద నీటికి దారి కావాలన్నారు. మా మ్యాపు వల్లే జరిగిందని అనను. అది అంతకు ముందు నుంచీ అనుకుంటున్న పని. గట్టు మీది వాళ్ళను దక్షిణాన ఊరు దాటాక, చిత్తడి నేల పక్కన కట్టిన ఎత్తైన మేడల్లోకి పంపారు.

మళ్ళీ సర్వే వచ్చింది. ఈసారి ఆ మేడలు నా వంతు. లిఫ్టు ఆగిపోయి ఉంటే ఆరో అంతస్తుకు మెట్లెక్కాను. తలుపు తీసింది ఆమే. నేను గుర్తుపట్టేలోపే ఆమె గుర్తుపట్టింది.

"గట్టు మీద రాసుకొని పోతివే, ఆ పాపవే గదా!"

లోపల కూర్చోబెట్టింది. నేను ఫారం తీసి అదే ప్రశ్న అడిగాను.

"నాలుగున్నరకి లేస్తా. మొదటి బస్సే ఆరుకి. రెండు బస్సులు మారి చూలై చేరేసరికి ఎనిమిది దాటిపోతాది. లేటని రెండిళ్ళోళ్ళు వద్దనేసిరి. ఇంగ రెండిళ్ళు, షాపు ఉండాయి."

"ఈడ పని దొరకదా అక్కా?"

"ఈడ అందరూ నా మాదిరోళ్ళే గదా. యెవురింట్లో యెవురు గిన్నెలు తోమేది?"

రానూ పోనూ నాలుగు బస్సులు. పిల్ల ఇంకా పాత స్కూలుకే వెళ్తోంది కనక, దానివి ఇంకో నాలుగు. ఫారంలో చోటు చాలక ఇంకో కాగితం జోడించాను. ఆమె నన్నే చూస్తూ, "అప్పుడు రాసుకుంటివే, ఆ కాయితం ఏమాయ?" అంది.

"ఆఫీసులో ఉందక్కా."

"అందులో నేను యాడికీ పోలేదని గదా ఉండేది?"

అవునన్నాను. ఆమె కోప్పడలేదు. "సెరి, ఇందులో అయినా అయిదుకి ఒక బస్సు కావాలని రాయి" అంది.

అడుగున రిమార్కులని ఒక వరుస ఉంటుంది. అక్కడ రాశాను. ఆ వరుసను కంప్యూటరులోకి ఎక్కించరు. నాకు తెలుసు, ఎక్కించకుండా వదిలేసిన చెయ్యి నాదే. ఆమెకు చెప్పలేదు. ఇచ్చిన మజ్జిగ తాగి లేచాను.

ఆ మేడల ఫారాలు చూసి సూపర్వైజరు సంబరపడ్డాడు. "పోయిన మాటు అన్నీ సున్నాలే. ఇప్పుడు చూడు, జనం ఎంత తిరుగుతున్నారో!" అన్నాడు. నేను తలూపాను.

ముసాయిదా ప్రణాళిక బయటపెట్టి, అభ్యంతరాలుంటే రాసి ఇమ్మని ప్రకటించారు. ఆ ఆదివారం తెల్ల కాగితాలు పట్టుకుని మళ్ళీ ఆరో అంతస్తు ఎక్కాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జాలి వేసి మాత్రం కాదు. ఆమె చెబుతుంటే తమిళంలో అర్జీ రాశాను. ఆమె అంతస్తు అంతస్తూ తిరిగి సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకొచ్చింది.

జనం మాట వినే సభ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. ఆమె పనికి సెలవు పెట్టి వచ్చింది. మైకు ముందు నిలబడి, వణక్కుండా, "మమ్మల్ని ఇంత దూరం పెట్టినారు, పెట్టనీండి. పని మాత్రం ఆడనే ఉంది. అయిదుకి బస్సు ఇడవండి" అని తమిళంలో చెప్పింది. అధికారి రాసుకున్నాడు. నేను చివరి వరసలో కూర్చున్నాను. మెడలోని కంపెనీ కార్డు తీసి సంచిలో పెట్టుకున్నాను. నడకలు ఎలా వదిలేశామో, రిమార్కులు ఎలా వదిలేశామో లేచి చెప్పవచ్చు. చెప్పలేదు.

చాన్నాళ్ళకు ఆమె ఫోన్ చేసింది. అప్పుడు నేను ఇంకో ఊరి సర్వేలో ఉన్నాను.

"బస్సు ఇడిచినారు పాపా! అయిదుంపావుకి. కూసునేదానికి చోటు ఉండదు, అంత మంది."

"వద్దన్న ఆ రెండిళ్ళ పని మళ్ళీ దొరికిందా అక్కా?"

"ఆడ వేరే మనిషిని పెట్టుకొనేసినారు. పరవాలేదు లే. ఒక దినం రా, చేపల పులుసు చేసి పెడతా."

వస్తానన్నాను. సంతోషంగా ఉందని కూడా అన్నాను. ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్న కట్టలోంచి తర్వాతి ఫారం తీశాను. ఆమె ఇంటికి ఇంకా వెళ్ళలేదు.