చెరువు తూములో దొరికిన ‘ప’

బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. తాడేపల్లిగూడెంలో హార్మోనియాలు బాగుచేసుకునే నాకు కోతలరాయుడినని పేరుంది కాబట్టి ముందే ఒట్టు వేస్తున్నాను.

ఏలూరులో ఒక పాత చర్చి. అక్కడి పైపు ఆర్గాన్‌కు మా నాన్న తిత్తి కొట్టేవాడు. ఆయన గాలి ఇస్తేనే గొట్టాలు పలికేవి. ఇంగ్లీషు అక్షరాలు రాక, ప్రతి గొట్టం వెనకా మేకుతో స, రి, గ అని గీసుకున్నాడు. ఒక సంవత్సరం నాలుగు పెద్ద టేకు గొట్టాలు మాయమయ్యాయి. సంఘ కార్యదర్శి ఆరాధనలో లేచి, "తిత్తి కొట్టేవాడి దగ్గర తప్ప చర్చి తాళం ఇంకెవరి దగ్గరుందండీ?" అన్నాడు. అంతే. నాన్న మళ్ళీ ఆ గడప తొక్కలేదు. దొంగ అనే మాట మోస్తూనే పోయాడు. ఆ మాటను అన్న చోటే, అన్న నోటితోనే వెనక్కి తీయించాలని నా పంతం.

ఇన్నేళ్ళకు ఆర్గాన్‌ను తిరిగి కట్టాలని పాస్టరుగారు నన్ను పిలిపించారు. పెట్టె కొత్తది, గొట్టాలు పాతవే. కార్యదర్శి ముసలివాడయ్యాడు గానీ కుర్చీ వదల్లేదు. నన్ను చూసి, "పెద్ద గొట్టంగాడే వచ్చాడండీ!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తక్కువైన నాలుగింటికి టేకు కోసం తిరుగుతుంటే, పెదపాడు అవతల ఒక చేపల చెరువు గట్టు తవ్వుతున్నారు. తూముగా పాతిన నాలుగు చెక్క గొట్టాలు పైకి తీశారు. ఒకదాని బురద తుడిస్తే నాన్న చేతిరాత: ‘ప’. లోపలినుంచి మూరెడు కొరమేను దూకి, నన్ను ఎగాదిగా చూసి నీళ్ళలోకి పోయింది. నమ్మకపోతే మీ ఇష్టం.

"చెరువెవరిదండీ?" అన్నాను.

"ఏలూరు చర్చి కార్యదర్శిగారిదేనండీ. ఈ తూములు కూడా ఆయనే పంపించారు," అన్నాడు కాపలాదారు.

కిక్కురుమనకుండా తెచ్చి, ఆరబెట్టి, అతికించి నిలబెట్టాను.

ప్రతిష్ఠ ఆదివారం కార్యదర్శి మైకు ముందు నిలబడి, "గాలి మోటారు వెయ్యవయ్యా," అన్నాడు. వేశాను. ఎవరూ వాయించే మెట్టు నొక్కకుండానే ‘ప’ దున్నపోతులా రంకె వేసింది. కొల్లేటి చెమ్మకు, గాలిని ఆపే దాని కింది మూత ఉబ్బి మూసుకోలేదు.

"ఏమిటయ్యా అది?"

"మీ చెరువు తూమండీ. మిమ్మల్ని గుర్తుపట్టినట్టుంది."

పాస్టరుగారు నావైపు తిరిగారు. నాన్న గీసిన అక్షరం చూపించి, కాపలాదారు మాటలు గట్టిగా చెప్పాను. మోటారు స్విచ్చి నా వీపు వెనకుంది. నేను జరగలేదు. రంకె ఆగలేదు. జనమంతా కార్యదర్శినే చూస్తున్నారు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"మీ నాన్న తియ్యలేదయ్యా! నేనే తీయించాను. ఇక ఆపు!"

"వెనక బెంచీలవాళ్ళకి వినపళ్ళేదండీ."

మళ్ళీ అరిచి చెప్పాడు. అప్పుడు ఆపాను.

ఒట్టు వేశాను గనుక ఒకటి ఒప్పుకోవాలి. చెమ్మ మాట నా కల్పన. ఆ మూత కింద అగ్గిపుల్ల దూర్చింది నేనే. పాస్టరుగారికి మాత్రం ఇప్పటికీ చెమ్మే. విచారం లేదా అంటే, ఉంది: రెండుసార్లతోనే ఎందుకు వదిలేశానా అని.