ఖాళీ మిషన్ తొక్కిన మనిషి

మా వీధి టైలర్ చాచా మొన్న శుక్రవారం పొద్దున పోయారు. గుండె ఆగింది. కాళ్ల జబ్బుకూ దీనికీ సంబంధం ఉందా అని డాక్టర్‌ను అడిగాను. లేదన్నారు. ఆ జవాబు నాకెందుకు కావాల్సి వచ్చిందో చెబుతాను.

పాల్వంచలో కరెంటు ప్లాంటు షిఫ్టులకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఖాకీ బట్టలు కుట్టింది ఆయనే. కొలతలు కాగితం మీద రాసుకోవడం నేను చూడలేదు. "నడుం మారినోడు మళ్ల వచ్చి చెప్తడు" అనేవారు. నేను విలేకరిగా చేరినప్పటి నుంచి నా చొక్కాలూ ఆయనవే.

కొన్నేళ్ల కింద సాయంత్రాలు ఆయన కుదురుగా కూర్చోలేకపోవడం మొదలైంది. టీ కోసం ఎదురు హోటల్ ముందు బల్ల మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో లేచేవారు.

"ఏం చాచా, కాళ్లు డాన్స్ కడుతున్నయా?" అనేవాడు హోటలాయన.

"అవ్ బేటా, నువ్వు దరువెయ్."

నన్ను మాత్రం పక్కకు పిలిచి చెప్పారు. "చీమలు పాకుతున్నయ్ బేటా. తోలు మీద గాదు, లోపట." చూపించమన్నాను. లుంగీ మోకాళ్ల దాకా ఎత్తారు. మామూలు కాళ్లే. వాపు లేదు, మచ్చ లేదు.

గుండుసూది కొస పిక్కకు తాకితే మేకు దిగినట్టు ఎగిరిపడేవారు. అదే మనిషి, నేను వేలు పెట్టలేని వేడి నీళ్లలో పాదాలుంచి గోరువెచ్చగా ఉన్నాయనేవారు. ఒకే సాక్షి ఇలా రెండు రకాలుగా చెబితే మేం వార్త రాయం. నేను ఆయన మాటను పూర్తిగా నమ్మలేదు.

నలభై ఏళ్లు మిషన్ తొక్కి తొక్కి కాళ్లు అరిగాయని వీధంతా తేల్చింది. నేనూ అంతే అనుకున్నాను. మిషన్‌కు కరెంటు మోటారు పెట్టించాను. మెకానిక్ తొక్కుడు బెల్టు తీసి పక్కన పెట్టాడు. చాచా నా భుజం తట్టారు.

నాలుగు నెలల తర్వాత ఒక సాయంత్రం చొక్కా కోసం వెళ్లాను. దుకాణంలో మిషన్ చప్పుడు. మోటారుది కాదు. మోటారు వైరు ఊడదీసి ఉంది, తోలు బెల్టు మళ్లీ చక్రానికెక్కింది. చాచా కళ్లు మూసుకుని తొక్కుతున్నారు. సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారం లేదు.

"చాచా!"

ఆయన ఆపలేదు. "ఆపితే చీమలు లేస్తయ్ బేటా. పొద్దుగూకితే గిదే పని."

"మోటారు వచ్చినంక ఎక్కువైందా?"

"అవ్. మోటారు మీద కూసుంటే కాళ్లకు పనేముంది?"

"మరి చెప్పలేదేంది?"

"ప్రేమతోని పెట్టిచ్చినవ్. ఎట్ల చెప్త?"

మర్నాడే మోటారు తీయించి, ఆయన్ను ఖమ్మంలో నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టర్ సూదితో, చల్లటి ఇనుప ముక్కతో కాళ్లంతా పరీక్షించారు. రక్తంలో ఇనుము తక్కువుందన్నారు, మందులు రాశారు. కాళ్ల నుంచి వచ్చే కబురును మెదడు అందుకునే తీరు మారిందని, అందుకే కొన్ని స్పర్శలు పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి అని చెప్పారు. కదిలిస్తే ఊరట దొరకడం ఈ జబ్బు గుర్తట. అంటే తొక్కుడే ఆయనకు ఇన్నాళ్లూ ఆసరా. దాన్నే నేను తీసేశాను.

తిరుగు బస్సులో చాచా సీట్ల నడుమ దారిలో నిలబడే వచ్చారు. "డాక్టర్ నమ్మిండు. నువ్వు?" అన్నారు. నమ్మానన్నాను. "జర లేటయింది, పోనీ" అని నవ్వారు.

మందులతో కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

శుక్రవారం నేను వెళ్లేసరికి పెద్దాయన ఒకరు గుడ్డపేలికతో చాచా కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కడుతున్నారు. తలుపు దగ్గర నిలబడ్డ చాచీ ఒకడుగు ముందుకొచ్చారు.

"గట్టిగ కట్టకుండ్రి. ఆయనకు ఓపదు."

పెద్దాయన ఆమె వైపు చూసి, ముడి విప్పి, మళ్లీ వదులుగా వేశారు. అందరూ చాచా ముఖం వైపు చూస్తున్నారు. నేను కాళ్ల దగ్గరే నిలబడిపోయాను, అవి కదులుతాయేమోనని.