అత్త చల్లిన బూడిద

మొన్న బుధవారం పొద్దున ఆలేరు స్టేషను ముందు, ఎవరో కొనబోతున్న పాత బండి కిందికి దూరి చూస్తున్నాను. జడ్చర్ల నుంచి పల్లికాయ వేసుకొచ్చిన డ్రైవరు లారీ ఆపి, దిగకుండానే నన్ను పిలిచాడు. "అన్నా, మీ అత్త పోయిందట. మీ ఊరోళ్లు చెప్పి పంపిన్రు" అన్నాడు. విని కూడా నేను బండి కిందే ఉండిపోయాను. పైకి రాబుద్ధి కాలేదు. అసలు ఆ కిందికి చూడమని నాకు నేర్పిన మనిషే ఆమె.

పాత బండి కొనేవాళ్లు ముందు నన్ను పిలిచి చూపించుకుంటారు. ఏ గ్యారేజీలో పని నేర్చుకున్నావని అడుగుతారు. గొర్రెల మందలో అంటే నవ్వుతారు. ఎగతాళి చేస్తున్నాననుకుంటారు గానీ ఉన్నమాటే చెబుతున్నాను. నేర్పింది మా మేనత్త, మా బాపుకు అక్క. ఆమె జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. లారీలో ఎక్కినా వెనకే కూర్చునేది. ముందు సీటులో కూర్చుంటే కడుపులో తిప్పుతుందనేది.

మామ పోయాక అత్త తన మందను తోలుకొని మా ఊరికి వచ్చేసింది. జడ్చర్లకు ఒక పూట నడక మా ఊరు. ఎండాకాలంలో కూడా భుజం మీద గొంగడి ఉండాల్సిందే. మాట తక్కువ, మెప్పు అంతకన్నా తక్కువ. ఎంత మంచి జీవాన్ని చూసినా "నిలవడ్తది తియ్యి" అనేది, అంతే. ఆ మాట కోసం అంగట్లో గొర్రెలు అమ్మేవాళ్లు ఆమె చుట్టూ తిరిగేవాళ్లు. అత్త నిలబడుతుందన్న గొర్రెకు వేరే బేరగాడు వెంటనే దొరికేవాడు.

గొర్రెను కొనడానికి పోతే ఆమె ముందువైపు నిలబడేది కాదు. వెనక నుంచి చూసేది, నడిపించి చూసేది, అది పడుకున్న జాగా తడిగా ఉందా పొడిగా ఉందా అని వంగి చూసేది. ఒకసారి ఎందుకని అడిగాను. "మొఖం జూస్తె మనసైతది అల్లుడా. మనసైనంక కండ్లు పనిజెయ్యయి" అంది. అమ్మేవాళ్లు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్లు తాగించి తెస్తారు, పొట్ట బలిసినట్లు కనబడాలని. అందుకే ఆమె బేరం ఎప్పుడూ తెల్లారినాకే. రాత్రి గడిచి, పొద్దున తనంతట తాను లేచి, నాలుగడుగులు వేసి నెమరు వేసిన గొర్రెనే కొనేది.

రెండో యుద్ధం అప్పుడే ముగిసింది. పెట్రోలు దొరకక బొగ్గుతో బస్సులు నడిపిన కరువు తీరుతోంది. మిలిటరీ వాళ్లు వదిలించుకున్న బండ్లు చేతులు మారుతూ మా దిక్కు కూడా రాసాగాయి. వాటిలో ఒక రకం ముందు కారులా, వెనక బండిలా ఉండేది. ఇప్పుడు పికప్పు అంటున్నారు, అప్పట్లో మేము సగం లారీ అనేవాళ్లం. యుద్ధంలో మిలిటరీ లారీ నడిపి వచ్చిన నా దోస్తుకు, నాకు ఆ సగం లారీ పిచ్చి పట్టింది. ఊళ్లో నేసిన గొంగళ్లు, పండిన పల్లికాయ ఎడ్లబండి మీద జడ్చర్లకు చేరేసరికి అంగడి సగం అయిపోయేది. బండి ఉంటే మేమే కిరాయిలు కొడదామని మా ఆశ. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. పెళ్లయింది, మీసాలు వచ్చాయి, బుద్ధి ఇంకా దారిలో ఉంది.

బండి కొనాలంటే అమ్మడానికి మా ఇంట్లో ఉన్నది ఒక్కటే, అత్త మంద. నాకు అడగడానికి నోరు రాలేదు, బాపు అడిగాడు. ఆ మందతోనే ఆమె బతికింది, కరువు వచ్చిన ఏడు మా అందరినీ బతికించింది. అది పోతే మళ్లీ కూడబెట్టే వయసు కాదు. మూడో రోజు పాలు పిండుతూనే చెప్పింది. "అమ్ముదాం. పోరగాండ్లు ఎన్నాళ్లు ఎడ్ల ఎన్క నడుస్తరు. గని బండిని నేను జూసినంకనే కొనాలె."

ఆమె చూడకముందే నేను కొంప ముంచుకొచ్చాను.

జడ్చర్లలో ఒక దలాలి దగ్గర సగం లారీ ఉందని తెలిసి, ఊరికే చూసొద్దామని దోస్తు, నేను పోయాం. కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉంది. ఇంజను వేస్తే పిల్లి నడిచినంత చప్పుడు లేదు. నాకు ఒళ్లు తెలియలేదు. మా ఇళ్లలో మగవాళ్లకు రుమాలు కొసన జాజు ముద్ద కట్టుకొని తిరగడం అలవాటు. అంగట్లో గొర్రె నచ్చితే బొటనవేలితో ఆ ఎర్రమన్ను దాని వీపు మీద పెడతాం. పెట్టామంటే అది మాదే. మాట తప్పితే మళ్లీ ఏ అంగట్లోనూ మాకు గొర్రె అమ్మరు. ఆ సంబరంలో నేను ముడి విప్పి, ఉమ్మితో తడిపి, బానెట్ మీద ఇంత జాజు పెట్టాను. ఆ దలాలి అంతకుముందు గొర్రెల అంగట్లోనే దలాలీ చేసినవాడు. జాజు వైపు, నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. "ఇగ అయిపాయె పటేలా. బండి మీది" అన్నాడు.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. అత్త గిన్నె కింద పెట్టింది.

"జాజు పెట్టినవా?"

"పెట్టిన అత్తా."

"కిందికి వంగి జూసినవా?"

వంగలేదని ఒప్పుకున్నాను. ఆ పూట ఆమె తినలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మరునాడు పొద్దు వాలేసరికి అత్త, దోస్తు, నేను ముగ్గురం జడ్చర్లలో ఉన్నాం. దలాలి మర్యాదగానే ఎదురొచ్చి, రాగానే ఇంజను వేసి వినిపించబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడొద్దు సేటూ. పొద్దుగాల జూస్త."

"ఇంకేం జూస్తవమ్మా? మీవోడు జాజు పెట్టిండు. బేరం అయిపోయింది."

"జాజు మావోడే పెట్టిండు. నేను కాదంటలేను."

"మరింకేంది? పొద్దుగాల లేస్తదా, నెమరేస్తదా అని జూసెటందుకు గిదేమన్న గొర్రెనా?" అన్నాడు దలాలి, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేలా. అందరూ నవ్వారు కూడా.

వాళ్ల నవ్వు ఆగాక అత్త "జాజు గొర్రెకు పెడ్తరు సేటూ. గిది గొర్రె కాదంటె జాజు చెల్లది, మేం పోతం. గొర్రెనే అంటవా, పొద్దుగాల లేవంగ చూడాలె. ఏదో ఒకటి నువ్వే చెప్పు" అంది.

ఆ నవ్విన నోళ్లే "గంతే గదా సేటూ" అన్నాయి. దలాలికి ఇక దారి లేకపోయింది. నా తలకాయ మీది నుంచి బండరాయి దించినట్లయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే, చదువు లేని ఆ మనిషికి అంత తర్కం ఎక్కడిదని ఆశ్చర్యపోతాను.

పక్కనే చాయ్ హోటలు. పొయ్యి బూడిద అడిగి తట్టలో తెచ్చుకుంది. బండి కింద ముందు నుంచి వెనకదాకా, మా ఇంటి ముందు అలుకు పూసినంత శ్రద్ధగా పలచగా పరిచింది. తర్వాత గొంగడి వేసుకొని అక్కడే పడుకుంది. పక్కనే మేమూ పడుకున్నాం.

తెల్లవారుతుండగా దలాలి మనిషి ఒకడు రేడియేటరులో పోయడానికి వేడినీళ్లు పట్టుకొచ్చాడు, ఇంజను తొందరగా అందుకుంటుందని. అత్త అప్పటికే లేచి బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడి ఉంది. "ఉడుకునీళ్లు నువ్వే తాగు బిడ్డా, సల్లగ ఉన్నది" అంది. తర్వాత వంగింది. ఇంజను కింద బూడిద మీద నాలుగైదు చుక్కలున్నాయి. పాత బండికి అవి మామూలేనన్నాడు దోస్తు. గేరుపెట్టె కింద మాత్రం అరచేతి వెడల్పున నల్లగా తడిసి ఉంది. అత్త వేలితో తీసి, మంద రోగం చూసేటప్పుడు పెంటికలు నలిపి చూసినట్లే, రెండు వేళ్ల మధ్య నలిపింది.

"నూనెల పొట్టేందిరా?" అంది.

దోస్తు ముఖం మారిపోయింది. గేరుపెట్టె కింది బిరడా విప్పాడు. నూనెతోపాటు నానిన రంపపు పొట్టు ముద్దలు ముద్దలుగా పడింది. అరిగిపోయిన పళ్లచక్రాలు అరవకుండా పొట్టు కూరారు. ఆ పిల్లి నడక ఎక్కడిదో అప్పుడు తెలిసింది. "నేను కొన్నప్పుడే అట్లుందమ్మా, నాకేం తెలుసు" అని దలాలి మొదలుపెట్టాడు. అత్త వినిపించుకోకుండా చెంబుతో నీళ్లు తెచ్చి, నేను పెట్టిన జాజును తన చేత్తోనే కడిగేసింది. "మా గొర్రె లేవలే సేటూ. నీ దొడ్లనే ఉండని" అంది.

దారి పొడుగునా నేను తల ఎత్తలేదు. ఊరు దగ్గరపడ్డాక అత్త "మొఖం జూసినవు" అంది.

రెండు నెలల తర్వాత కేతేపల్లిలో ఒక రైతు తన సగం లారీ అమ్ముతాడని తెలిసింది. చూపు తగ్గి ఇక నడపలేకపోతున్నాడట. రంగు వెలిసిపోయింది, ఒక మడ్‌గార్డు నలిగి ఉంది. నాకు అస్సలు నచ్చలేదు. ఆ రైతు మేము అడక్కముందే చెప్పాడు. "బ్రేకు కొడితె ఎడమకు గుంజుతది. వెనక చక్రం మీది కమాన్ పట్టీ ఒకటి ఇరిగితె మార్చిన. వానకు లోపలికి నీళ్లొస్తయి." అత్త అతని ముఖం వైపు మొదటిసారి తిరిగి చూసింది.

అక్కడా బూడిద చల్లింది. తెల్లారితే ముందువైపు రెండే చుక్కలు. దోస్తు ఇంజనుకు హ్యాండిలు దూర్చి రెండుసార్లు తిప్పాడు, మూడోసారికి అందుకుంది. తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి ఆగిపోయింది. వెనక రాళ్లు నింపించి గట్టు ఎక్కించింది. తర్వాత దుమ్ము దారిలో నడపమని, తాను వెనక నడుస్తూ చక్రాల జాడలు చూసింది. ముందు చక్రం జాడలోనే వెనక చక్రం పడుతోంది. నడుము వంగిన గొర్రె పక్కకు నడుస్తుంది, బండైనా అంతేనట. ఇవాళ్టికీ చాసిస్ వంగిందా లేదా అని నేను చూసే తీరు అదే. అంతా అయ్యాక నా వైపు తిరిగింది. "ఇగ పెట్టు జాజు" అంది. రుమాలు ముడి విప్పి, తడిపి పెట్టాను.

మందను అమ్మిన రోజు నాకు ఇంకా బాధే. కొనేవాడు ఒక్కొక్క గొర్రెను చూస్తుంటే అత్త పక్కనే నిలబడి చెప్పింది. "గీ దానికి ఎడమ కాలు ఎండకాలం కుంటుతది. గిది ఒక్క పిల్లకే పాలిస్తది. గా మచ్చది కంచె దుంకుతది." నేను ఆగలేక "అత్తా, అడగకముందే ఎందుకు చెప్తున్నవు?" అన్నాను.

"కేతేపల్లాయిన మనకు చెప్పలేదా?" అంది.

వాడు జాజు పెట్టడం మొదలుపెట్టాక, ప్రతి గొర్రె చెవినీ ఒకసారి పట్టుకొని వదిలింది. ఆమె కంటతడి పెట్టలేదు. దొడ్డి వెనక్కి పోయి నేనే ఏడ్చాను.

ఆమె అన్నీ తెలిసిన మనిషని చెప్పను. గొర్రెల గిట్టలకు పూసినట్లు టైర్లకు వేపనూనె పట్టించింది. రబ్బరు మెత్తబడుతుందని దోస్తు నెత్తి కొట్టుకున్నా వినలేదు. హారన్ వినడానికి తోడేలు కూతలా ఉందని ఒక మంచి బండిని కొననీయలేదు. అదిప్పటికీ ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది.

నైజాం చివరి ఏడు, ఊళ్లన్నీ గడబిడగా ఉన్న రోజుల్లో, ఒక చలికాలం పొద్దున నా భార్యకు కాన్పు కష్టమైంది. మంత్రసాని చేతులెత్తేసింది. పాలమూరు దవాఖానకు పోవాలి. రాత్రంతా మంచు కురిసి బండి ఐసుగడ్డలా ఉంది. నేను దేవుళ్లందరికీ మొక్కుతూ హ్యాండిలు పట్టుకున్నాను. మూడో తిప్పుకు అందుకుంది. వెనక గొంగడి మీద నా భార్య తల ఒడిలో పెట్టుకొని అత్త "లేస్తదని నాకెర్కే, నువ్వు పోనియ్యి" అంది. ఆ మధ్యాహ్నం పుట్టిన బిడ్డ ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆనాడు నేను మెచ్చిన ఆకుపచ్చ బండే మా ఇంటి ముందు ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

బండి కుదురుకున్నాక ఆమెకు మళ్లీ నాలుగు పిల్లల్ని కొనిచ్చాం. అవి పెరిగి చిన్న మందయ్యాయి. చివరిదాకా వాటితోనే ఉంది. నేను ఆలేరుకు మకాం మార్చాక, ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె ముందు నా బండి కిందికే చూసేది, తర్వాతే నా ముఖం.

మొన్న ఊరు చేరేసరికి మా చేను గట్టు మీద గుంత సిద్ధంగా ఉంది. అందరితోపాటు నేనూ మట్టి వేశాను. పొద్దువాలే వేళకు ఇంట్లోకి పోతే, పొయ్యిలో ఆమె చివరిగా వండుకున్ననాటి బూడిద అట్లాగే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తట్టలోకి తీసుకొని, దొడ్డి ముందు ఆపిన నా పికప్పు కింద ఆమె పరిచినట్లే పరిచాను. చూసినవాళ్లు దుఃఖంలో ఏదో చేస్తున్నాడనుకున్నారు.

పొద్దున లేచి వంగి చూశాను. చుక్క పడలేదు. తెల్లటి బూడిద మీద ఒక గొర్రెపిల్ల అడుగులు మాత్రం, ఈ చక్రం పక్క నుంచి ఆ చక్రం దాకా పోయి, దొడ్డి వైపు తిరిగి ఉన్నాయి.